బిడారు బాటకు ఒక గుర్తు రాయి

హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న ఉప్పల్ చౌరస్తాలో నేరుగా తూర్పుకు సాగితే వరంగల్ దారి. దక్షిణానికి మళ్లితే నాగోలు, ఎల్.బి. నగర్, అక్కడి నుంచి హయత్‌నగర్ మీదుగా విజయవాడ రహదారి. ఈ రెండో దారి 65వ నంబరు జాతీయ రహదారి. పుణెలో మొదలై మచిలీపట్నం దగ్గర సముద్రాన్ని చేరుతుంది. రాత్రింబవళ్లు లారీలతో కిటకిటలాడే ఈ తూర్పు అంచుకు సరుకు రవాణా కొత్త కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో రాజధానికీ మచిలీపట్నం రేవుకూ మధ్య సాగిన వర్తకం చాలావరకు నగరానికి తూర్పున ఉన్న ఈ నేల మీదుగానే నడిచింది. ఆ సంగతి చెప్పే గుర్తు రాయి ఒకటి దారి పక్కన నిలవాలి.

పాత బాటలకు రాళ్లు నాటి గౌరవించడం అమెరికాలో ఒక ముసలాయన పట్టుదలతో ఊపందుకుంది. ఆయన పేరు ఎజ్రా మీకర్. 1852లో భార్యతో, పసిబిడ్డతో ఎద్దుల బండి కట్టుకుని ఆరెగాన్ బాట పట్టాడు. మిస్సోరి నది నుంచి పడమటి తీర ప్రాంతం దాకా మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగే బాట అది. రైలు వచ్చాక దాన్ని జనం మరిచిపోయారు, పొలాలు దున్నేశారు. 1906లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, మీకర్ మళ్లీ ఎద్దుల బండి కట్టి అదే బాటలో వెనక్కి నడిచాడు. ఊరూరా ఆగి, జనాన్ని పోగుచేసి, గుర్తు రాళ్లు వేయించాడు. కొన్నిచోట్ల బడిపిల్లలు కూడా చందాలిచ్చారు. మరుసటి ఏడాది రాజధాని వాషింగ్టన్ చేరి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు తన బండిని చూపించాడు. 1978లో ఆ బాటకు జాతీయ చారిత్రక మార్గంగా చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది.

మన తూర్పు బాట ఆరెగాన్ బాట కంటే పాతది. దాని సంగతులు చెప్పేవాడు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే. 17వ శతాబ్దంలో గోల్కొండకు పలుమార్లు వచ్చిన ఆయన యాత్రా గ్రంథం 1676లో అచ్చయింది. గోల్కొండ నుంచి మచిలీపట్నానికి బండి కట్టుకుని వెళ్లడం దాదాపు అసాధ్యమని అందులో రాశాడు. కొండలు, చెరువులు, వాగులు, ఇరుకు కనుమలు అడుగడుగునా అడ్డం. వజ్రాల గని దాకా ఒక చిన్న బండిని తీసుకెళ్లిన తావెర్నియేకు, దారి బాగాలేని చోటల్లా దాన్ని ముక్కలుగా విప్పి దాటించాల్సి వచ్చింది.

అందుకే ఈ బాటలో బరువు మోసింది ఎద్దు వీపు. కంట్లాలు వేసిన ఎడ్లు వందల్లో, వేలల్లో బారులు తీరి నడిచేవి. ఆ బిడారుల యజమానులు లంబాడీలు. ఆలుబిడ్డలతో, గుడారాలతో సహా ఏడాది పొడవునా దారి మీదే బతికేవారు. తీరం నుంచి ఉప్పు లోపలికి తెచ్చేవారు, లోపలి ధాన్యం బయటికి చేర్చేవారు, యుద్ధం వస్తే సైన్యాలకు తిండిగింజలు అందించేవారు. దేశంలో పది, పన్నెండు వేల ఎడ్లున్న బిడారులు కూడా ఉండేవని, ఇరుకు దారిలో అలాంటిది ఎదురైతే అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని తావెర్నియే రాశాడు.

బాటసారులకు గూడు కూడా ఉండేది. మచిలీపట్నం దారిలో మొదటి మజిలీగా తావెర్నియే చెప్పిన తెనారాలో తోటల నడుమ నాలుగు పెద్ద భవనాలు, సామాన్యులు తలదాచుకునే వసారాలు ఉండేవి. పేద బాటసారులకు రోజూ వండిన అన్నమో రొట్టో పెట్టేవారు. ఇతరులు వండింది తినని హిందువులకు పిండి, కాస్త వెన్న ఇచ్చేవారు. ఎవరి ఆచారం వారికి దక్కేలా ఆకలి తీర్చిన ఆ ఏర్పాటు, దారిని పాలకులు ఎంత శ్రద్ధగా చూసుకున్నారో చెబుతుంది.

ఆ శ్రద్ధ ఇప్పటికీ కంటికి కనబడే చోటు హయత్‌నగర్. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరది. ఎత్తైన అరుగు మీద మసీదు, దాని చుట్టూ విశాలమైన ఆవరణ, బాటసారుల కోసం వరుసగా కట్టిన సరాయి గదులు, చేరువలోనే హాథీ బావి అనే పెద్ద బావి. మనిషికి నీడ, పశువుకు నీళ్లు అన్న లెక్కతో కట్టిన మజిలీ ఇది.

బిడారులను ఆపింది రైలు. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు పట్టాలు వచ్చాయి. తర్వాత ఉప్పల్ పక్కనున్న నాచారానికి ఉత్తరాన మౌలాలి మీదుగా సాగిన లైను 1886లో వరంగల్‌ను, 1889లో బెజవాడను అందుకుంది. ఎడ్లు నెలల తరబడి మోసే సరుకును రైలు కొద్దిరోజుల్లో చేర్చింది. తరాల వృత్తి లంబాడీల చేతి నుంచి జారిపోయింది. అది చాలదన్నట్టు, బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం పలుచోట్ల వారిపై పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. దేశానికి ఉప్పు అందించిన వారికి దక్కిన ప్రతిఫలం అదీ!

గుర్తు రాయి వేస్తే సుల్తానుల పేర్లతో పాటు ఈ మనుషుల పేరూ దాని మీద ఉండాలి. తెలుగులో, ఉర్దూలో, లంబాడీల గోర్ బోలిలో చెక్కాలి. హయత్‌నగర్ సరాయి ముందు ఒక రాయి, అక్కడికి దారి చూపుతూ ఉప్పల్ చౌరస్తాలో ఒక ఫలకం నిలబెడితే మొదలుపెట్టినట్టే. పాత మజిలీలను పటంపై గుర్తించడానికి సాయం కూడా దూరాన లేదు. సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉప్పల్‌లోనే ఉంది. తావెర్నియే రాసిన మజిలీల జాబితాను అక్కడి విద్యార్థుల చేతికిచ్చి, వారితో పాటు నాచారం, ఉప్పల్ బడిపిల్లలను హయత్‌నగర్ దాకా నడిపించే పనిని ఈ ప్రాంతపు ఉపాధ్యాయులు రాబోయే చలికాలంలోనే చేపట్టవచ్చు.