గుమ్మడికాయ పైన ఆరింది, లోపల ఆరలేదు

ఈ ఎపిసోడ్ జిన్నారంలో మా ఇంటి పై రూంలో షూట్ చేస్తున్నా. వెనకాల ఫ్యాన్ సౌండ్ వస్తూనే ఉంటది, సారీ. దాన్ని ఆపలేను. ఎందుకు ఆపకూడదో కాసేపట్లో మీకే తెలుస్తది.

ఈ రోజు టాపిక్ పేపర్ మాషే గుమ్మడికాయ. పాత న్యూస్‌పేపర్, మైదా గంజి, ఒక క్యారీబ్యాగ్. అక్టోబరు 31న హాలోవీన్ కాబట్టి ఇప్పుడు మొదలుపెడితే కరెక్ట్ టైం. "మనకెందుకన్నా ఈ హాలోవీన్" అని కొందరు అడుగుతారు, తెలుసు. నాకు పెద్ద పట్టింపేం లేదు. మా అక్క వాళ్లు టెక్సాస్‌లో ఉంటారు. అక్కడ అక్టోబరులో ఒక వీకెండ్ బతుకమ్మ ఆడతారు, నెలాఖరుకు పిల్లలు దెయ్యాల డ్రెస్సులు వేసుకుని చాక్లెట్లకు తిరుగుతారు. పిల్లలకు రెండూ పండగలే.

ఇంకో మాట. భయపెట్టే మొహం పెట్టి చెడును తరిమే గుమ్మడికాయ మనకు కొత్తా చెప్పండి? కొత్తింటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం. మీసాలు, కోరలు ఉన్న దిష్టి బొమ్మ పెడతాం. దసరాకు బొల్లారం వైపో గడ్డపోతారం వైపో పోయి చూడండి, ఆయుధపూజ రోజు కంపెనీ గేట్ల ముందు, లారీల ముందు కుంకుమ పూసిన గుమ్మడికాయలు పగిలి ఉంటాయి. ఐర్లండ్‌లో జనాలు ముందు టర్నిప్ దుంపలను తొలిచి, మొహం చెక్కి దీపం పెట్టేవాళ్లు. అమెరికాకు వలస పోయాక అక్కడ పెద్ద పెద్ద గుమ్మడికాయలు దొరికాయి, తొలచడం ఈజీ అయింది, అట్లా మారింది. సో, హిస్టరీ ఇంతే. ఇక పనిలోకి పోదాం.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. ఈ ఎపిసోడ్ చేస్తున్నదే దాని కోసం.

పోయినేడు మా గల్లీ పిల్లలకు ఆరు గుమ్మడికాయలు చేసిచ్చిన. బెలూన్ ఊది, దాని మీద ఒకే సాయంత్రం నాలుగు పొరలు అతికించి, మర్నాడు ఎండలో పెట్టి, పైన గట్టిపడగానే ఆరెంజ్ ఎనామిల్ కొట్టేసిన. ఫొటోలో సూపర్. పక్కింటి బాబుకు ఆరేళ్లు ఉంటాయి. వాడు దాన్ని మంచం పక్కనే పెట్టుకున్నాడు. రెండు వారాల తర్వాత వాళ్లమ్మ పిలిచి, "తమ్మీ, ఇది ఏందో వాసన వస్తుంది, చూడు జర" అంది. నేను కత్తితో కోసి చూస్తే లోపల గోడంతా ఆకుపచ్చ, నలుపు బూజు. ఆ బాబుకు వీజింగ్ ఉంది ఫ్రెండ్స్. చలికాలంలో ఇన్‌హేలర్ లేకుండా పడుకోడు. బూజు నుంచి గాల్లోకి లేచే పొడి అట్లాంటి పిల్లలకు మంచిది కాదు. వాడికేం కాలేదు, కానీ వాళ్లమ్మ నన్నేం అనలేదు చూడండి, అది ఇంకా కష్టంగా అనిపించింది. మిగతా ఐదూ అడిగి వెనక్కి తెచ్చుకున్నా. ఐదింట్లో నాలుగింటికి లోపల బూజే.

ఉద్యోగంలో ఉన్నప్పుడు బగ్ వస్తే ఎక్కడ వచ్చిందో వెనక్కి పోయి చూసేవాళ్లం. ఇక్కడా అదే చేసిన.

పేపర్ అంటే ఏంది? చెట్టు నుంచి తీసిన సన్నని నారలు. నీళ్లు తగలగానే నారలు ఉబ్బి, ఒకదాన్నొకటి వదులుతాయి. గంజి వాటి మధ్యకు పోతుంది. నీళ్లు పోతుంటే నారలు దగ్గరికొచ్చి అతుక్కుంటాయి, గంజి గట్టిపడుతుంది. అంటే బలం వచ్చేది గంజి పూసినప్పుడు కాదు, నీళ్లు బయటికి పోయినప్పుడు. అందుకే పేపర్ మాషేలో అసలు పని ఆరబెట్టడమే. అతికించడం అందులో చిన్న భాగం.

ఇప్పుడు నా బెలూన్ సంగతి చూడండి. లోపలివైపు రబ్బరు, నీళ్లు అటు పోలేవు. బయట ఒక్కటే దారి. ఎండకు పై పొర ముందే గట్టిపడింది, కింది మూడు పొరల తడి మెల్లగా పైకి రావాలి. అది రాకముందే నేను ఎనామిల్ కొట్టి ఆ దారి కూడా మూసేసిన. లోపల మైదా, తడి, వెచ్చదనం. బ్రెడ్ ప్యాకెట్ మూతికట్టి మర్చిపోతే ఏమవుతుందో, అదే అయింది.

బెలూన్‌తో ఇంకో గొడవ కూడా ఉంది. గదిలో 27 డిగ్రీల దగ్గర ఊదిన బెలూన్‌ను ఎండలో పెడితే లోపలి గాలి 42 దాకా వేడెక్కిందనుకోండి. గాలి దాదాపు 5 శాతం పెరుగుతుంది. ఇంటర్ ఫిజిక్సే, 300 కెల్విన్ నుంచి 315. బెలూన్ ఉబ్బితే సగం ఆరిన పేపర్ పగులుతుంది, రాత్రి చల్లబడితే బెలూన్ కుంచించుకుని పేపర్ ముడతలు పడుతుంది. నాకు ఆరింట్లో రెండింటికి నెర్రెలు అట్లా వచ్చినవే. అప్పుడు మైదా పలచనైందని దానిమీద పడ్డా.

అందుకే ఈసారి బెలూన్ లేదు. ఒక క్యారీబ్యాగ్ తీసుకుని, న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి గట్టిగా కుక్కి, మూతి కట్టాలి. చేత్తో అదిమి కొంచెం చప్పటి గుండ్రంగా చేయండి, గుమ్మడికాయ క్రికెట్ బాల్ లాగా ఉండదు కదా. తర్వాత సుతిలి తాడు తీసుకుని, పుచ్చకాయ ముక్కలు కోసే గీతల్లాగా పైనుంచి కిందికి నాలుగు చుట్లు బిగించండి. ఎనిమిది గాడులు వస్తాయి. ఆ తాడు అట్లాగే ఉంచి దాని మీదే పేపర్ అతికిస్తాం, గాడిలోకి వేలితో నొక్కుతూ. బెలూన్ మీద చేసింది నారింజకాయలాగా ఉండేది, ఇది చూడగానే గుమ్మడికాయ అని గుర్తుపడతారు.

పేపర్ కత్తెరతో కత్తిరించకండి, చింపండి. చింపిన అంచున నారలు విడివిడిగా ఉంటాయి, పక్క ముక్కలో కలిసిపోతాయి. కత్తిరిస్తే అంచు మెట్టులాగా కనిపిస్తది, రంగు వేసినా దాగదు. ఇంకోటి, న్యూస్‌పేపర్ ఒక దిక్కున చింపితే గీత గీసినట్టు చినుగుతుంది, ఇంకో దిక్కున వంకరపోతుంది. నారలు ఎక్కువగా ఒకే దిక్కున పరుచుకుని ఉంటాయి, అందుకు. నేరుగా చినిగే దిక్కు పట్టుకోండి, పని తొందరగా అవుతుంది. రెండు వేళ్ల వెడల్పు చాలు. మ్యాగజైన్ల నున్నటి కాగితం వద్దు, దాని మీద పూత ఉంటుంది, గంజి పీల్చదు.

మా ఏరియా వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. రోడ్డు పక్క స్క్రాప్ దుకాణాల్లో కంపెనీ అట్టపెట్టెలు, పేపర్ సంచులు చవగ్గా దొరుకుతాయి. వాటిల్లో ఏ పౌడర్ వచ్చిందో మనకు తెలియదు. పిల్లలు పట్టుకునే వస్తువుకు అవి వాడకండి. ఇంట్లో పాత పేపర్ చాలు.

గంజి. ఒక కప్పు మైదాను ముందు ఒక కప్పు చల్ల నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. పక్కన మూడు కప్పుల నీళ్లు మరగబెట్టి, ఈ పిండి నీళ్లు పోస్తూ తిప్పండి. తెల్లగా ఉన్నది కాస్త అద్దంలాగా మారి చిక్కబడుతుంది. అప్పుడు దించేయండి. ఉడకబెట్టకుండా పచ్చి మైదా కలిపినా అతుక్కుంటది, కానీ ఉడికినదాని పట్టు వేరు. పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం కలుపుతారు. మీరు దాని జోలికి పోకండి, అది విషం. ఉప్పు వేస్తే బూజు రాదంటారు. ఒక చెంచా వేస్తే కొంచెం లేటుగా వస్తుందేమో గానీ, ఉప్పు గాలిలో తడిని కూడా లాగుతుంది. బూజుకు ఒకే మందు, పూర్తిగా ఆరబెట్టడం.

ఇక్కడ మా అమ్మమ్మ సీన్‌లోకి వచ్చింది. (నవ్వు) నేను గంజి ఉడకబెడుతుంటే చూసి, "మెంతులేవిరా?" అంది. నాకు అర్థం కాలే. "కాయితం నానబెట్టి, మెంతులు నూరి కలిపి చాటకు అలుకుతుంటిమి గదా, నీకు యాది లేదా?" అంది. నిజంగానే చిన్నప్పుడు చూసిన. వెదురు చాట పాతబడి సందులు పడితే, నానిన కాగితపు గుజ్జులో మెంతి ముద్ద కలిపి రెండు వైపులా పూసి ఆరబెట్టేవాళ్లు. పిండి కూడా కారదు. అదే గుజ్జును బోర్లించిన కుండ మీద మెత్తి గంపలు కూడా చేసేవాళ్లట. ఫ్రెంచ్ పేరు పెట్టుకుని నేను వీడియో చేస్తున్న పని మా ఇంట్లో ఎప్పుడో ఉంది.

దీంట్లో సైన్స్ కూడా కరెక్టే. మెంతులు నానబెడితే జిగురు వస్తుంది కదా, ఆ జిగురు మంచి బంక. చింతగింజ కూడా అంతే. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు చేసే మాస్కులు చూడండి. రంపపు పొట్టు, చింతగింజల బంక కలిపిన ముద్దతో మొహాలు దిద్దుతారు, కొబ్బరి చిప్ప మీద కూడా చేస్తారు. కొండపల్లి బొమ్మల్లో చెక్క ముక్కలు అతికే మక్కు కూడా చింతగింజ పొడి, రంపపు పొట్టే. నేను ఈసారి పైపొర నున్నగా రావడానికి అమ్మమ్మ చెప్పిన మెంతి ముద్దే వాడుతున్నా. రూంలో పప్పు పోపు వాసన వస్తుంది, అది వేరే విషయం.

సరే, పొరలు. ఒక పొర తెలుగు పేపర్, ఒక పొర ఇంగ్లీష్ పేపర్. జోక్ కాదు. ఒకే రకం పేపర్ వేస్తే ఎక్కడ వేశామో ఎక్కడ వదిలేశామో కనిపించదు. మొదటి పొర మీద రెండోది వేసేటప్పుడు తెలుగు అక్షరాలు కనబడుతున్నాయంటే అక్కడ ఇంకా వేయలేదని అర్థం. ముక్కను గంజిలో ముంచి, రెండు వేళ్ల మధ్య లాగి ఎక్కువైన గంజి గిన్నెలోకే వదిలేయండి. కారుతున్న ముక్క అతికించడమంటే లోపలికి ఎక్స్‌ట్రా నీళ్లు పంపడమే.

రోజుకు ఒక్క పొర. నీడలో, ఫ్యాన్ కింద. ఎండ ఎందుకు వద్దో చెప్పాను కదా, పై పెచ్చు ముందే బిగుస్తుంది. ఫ్యాన్ తడిగాలిని ఎప్పటికప్పుడు తోసేస్తుంది, అందుకే ఆ సౌండ్ భరించండి. అక్టోబరులో మనకు వానలు తగ్గినా, బంగాళాఖాతంలో ఏదో ఒక వాయుగుండం లేచి రెండు రోజులు ముసురు పెట్టే నెల అది. ముసురు పడితే ఒక పొరకు రెండు రోజులు. అందుకే 15వ తేదీకల్లా మొదలుపెట్టమంటున్నా.

రెండు పొరలు ఆరాక అసలు స్టెప్. అడుగున అరచేయంత గుండ్రం కోసి, క్యారీబ్యాగ్ చింపి, లోపలి పేపర్ ఉండలన్నీ బయటికి లాగేయండి. తాడు పేపర్‌కు అతుక్కుని ఉంటే ఉండనీయండి. ఇప్పుడు లోపలి గోడకూ గాలి తగులుతుంది, తడికి రెండు దారులు. పోయినేడు నేను చేయనిది ఇదొక్కటే. ఆ తర్వాత మిగతా రెండు పొరలు వేయండి. ప్రతిసారీ బోర్లించకుండా రెండు గ్లాసుల మీద ఎత్తుగా పెట్టండి, అడుగు నుంచి గాలి పోవాలి.

ఆరిందో లేదో చేత్తో ముట్టుకుంటే తెలియదు. చెంపకు ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది, నీళ్లు ఆవిరవుతున్నాయని అర్థం. దానికన్నా నమ్మకమైనది వంటింటి కాటా. పొద్దున, సాయంత్రం తూచి రాసుకోండి. బరువు తగ్గుతున్నంతసేపు నీళ్లు పోతున్నట్టే. రెండుసార్లు వరసగా ఒకే అంకె వస్తేనే తర్వాతి పొర. అంచనాలు లేవు, ఫీలింగ్ లేదు, అంకె చూస్తాం.

రంగు గురించి ఫాస్ట్‌గా. సుద్దపొడిలో ఫెవికాల్, నీళ్లు కలిపి తెల్లటి పూత ఒకటి, ఆరాక మెత్తటి శాండ్‌పేపర్, ఆ పైన పోస్టర్ కలర్. పసుపు, ఎరుపు కలుపుకుంటే ఆరెంజ్ వస్తుంది, గాడుల్లో కొంచెం గోధుమ రంగు కలిపితే లోతు కనిపిస్తది. షెడ్డులో మిగిలిన పాత ఎనామిల్ డబ్బా వాడకండి. పసుపు, ఆరెంజ్ ఎనామిల్ రంగుల్లో ఒకప్పుడు సీసం ఎక్కువ ఉండేది. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదనే రూల్ మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బా అంతకన్నా పాతదైతే పిల్లల వస్తువుకు వద్దు.

కళ్లు, నోరు చివర్లో కోయాలి, బ్లేడు పని పెద్దవాళ్లే చేయాలి. తొడిమకు టిష్యూ రోల్ లోపలి అట్ట గొట్టం మెలితిప్పి అతికించండి. లోపల కొవ్వొత్తి అస్సలు పెట్టొద్దు, ఇది మొత్తం కాగితం. చిన్న ఎల్‌ఈడీ దీపం కొంటే బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూసి కొనండి. ఆ బిళ్ల బ్యాటరీ పిల్లలు మింగితే కొన్ని గంటల్లోనే గొంతులో కాలిన పుండు పడుతుంది, వెంటనే హాస్పిటల్‌కు పరుగెత్తాలి. దీపావళికి తెచ్చిన సీరియల్ లైట్ తీగ ఉంటే అదీ నడుస్తది, ప్లగ్ దగ్గర పెద్దవాళ్లు ఉండాలి.

ఇప్పుడు కాటా మీద ఉన్నది పక్కింటి బాబుదే. ఖాళీ చేశాక మూడో పొర వేసిన వెంటనే 171 గ్రాములు. నిన్న రాత్రి 128. ఈ పొద్దున 119. వాడు రోజూ స్కూల్ నుంచి రాగానే మెట్లెక్కి వచ్చి, "అన్నా, ఎంతుంది?" అని అడిగి తన నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. సాయంత్రం మళ్లీ తూస్తాం.