మీకు తెలుసా? ఒంటిమిట్టను మెచ్చిన వజ్రాల వర్తకుడు

వ్యాపారం కోసం 1652లో గండికోటకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, దారిలో కడప దగ్గరి ఒంటిమిట్ట కోదండరామాలయాన్ని చూసి దాని గోపురాన్ని తెగ మెచ్చుకున్నాడు.

రంగమండపంలో 32 స్తంభాలు. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో కొలువుంటారు. పక్కన హనుమంతుడే ఉండడు! ఆయన దర్శనానికి ఎదుటి సంజీవరాయస్వామి గుడికి వెళ్లాల్సిందే. ఇక్కడ రాములోరి పెళ్లి పగలు కాదు, రాత్రి పండువెన్నెల్లో. ఆవరణలోని బావిని తవ్వించింది ఇమాంబేగ్ అనే ముస్లిం అధికారి.

చుట్టుపక్కల చూసేవీ తక్కువేం కాదు. పెన్న ఒడ్డున సిద్ధవటం కోట. రాజంపేట దారిలో అన్నమయ్య పుట్టిన తాళ్లపాక, ఆయన 108 అడుగుల విగ్రహం. కడపలో తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌన్ దొర బంగళా ఉన్నచోట ఆయన పేరిట గ్రంథాలయం. సిద్ధవటం కోట చూడాలనుకుంటే మాత్రం ఎండ ముదరకముందే బయల్దేరండి.