పాఠమైన పాట

సికిందరాబాదు దండు కోసం వెలసిన ఊరు. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు దానికి వచ్చినది. 1874లో వాడి నుండి రైలుబండి వచ్చినది. కవాతులకూ ఇంజను కూతలకూ అలవాటుపడిన ఆ ఊరిలో సంప్రదాయ సంగీతానికి ఒక ప్రభుత్వ కళాశాల నెలకొనుట, దానికి భక్త రామదాసు పేరు పెట్టుట ముచ్చటైన సంగతి. కంచెర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారు. ఉద్యోగమూ పాటా ఒకే మనిషిలో ఎట్లు ఇముడునో ఆయన గోలకొండ చెరసాలకు తెలుసు!

ఇట్టి కళాశాలలను నిలబెట్టిన ఉపాధ్యాయులలో నూకల చిన సత్యనారాయణగారు ముఖ్యులు. అనకాపల్లిలో పుట్టి, ఫిడేలు మీది మక్కువతో విజయనగరం చేరి, ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి శిష్యులైనారు. ఆ గురువుగారి కథ మరీ వింత. 1919లో ఇరువదియారేండ్ల ప్రాయంలో విద్యార్థిగా చేరుదామని ఆ కళాశాలకు పోగా, వాయిద్యం విన్న పెద్దలు ఆయనను అధ్యాపకునిగానే నియమించినారట. గాత్రానికి సత్యనారాయణగారు ఆశ్రయించిన శ్రీపాద పినాకపాణిగారు వైద్యులు, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులు. సంగీతం చెప్పి బ్రతుకవలసిన అగత్యం ఆయనకు లేదు. చెప్పకుండ ఉండలేక చెప్పినారు. శిష్యులవారు మాత్రం ఆ మక్కువనే వృత్తిగా చేసికొని, సికిందరాబాదు, విజయనగరం మొదలైన చోట్ల ప్రభుత్వ సంగీత కళాశాలలలో పనిచేసినారు.

ఆ వృత్తి సులభమా? కచేరీలో తోడి ఆలపించవలసిన గొంతు తరగతిలో ఏటేటా సరళీ వరుసలతోనే మొదలుపెట్టవలెను. తొలి పాఠాలు మాయామాళవగౌళలో ఉండుట పురందరదాసు ఏర్పాటని సంప్రదాయం. అందులో గొప్ప యుక్తి ఉన్నది. స-రి-గ-మ అను స్వరాల నడుమ ఎంతెంత ఎడమున్నదో, ప-ద-ని-స నడుమ అంతంతే ఉన్నది. సగం కుదిరిన పిల్లవానికి తక్కిన సగం దారి దొరకును. కాని ఆ సగం కుదురువరకు వేయిసార్లు పాడి చూపవలసినవాడు ఉపాధ్యాయుడే. బడిపంతుళ్ళకు ఈ కష్టం వేరుగా చెప్పనక్కరలేదు.

గంట కొట్టగానే ఆగునది సంగీతమా అని పెద్దలు ఆక్షేపించినారు. గురువు ఇంట పన్నెండేండ్లు వినికిడితో వచ్చు విద్యకూ, నాలుగేండ్ల సర్టిఫికెట్టు, రెండేండ్ల డిప్లొమాకూ సాటి ఎక్కడిదని వారి బాధ. ఆ బాధలో నిజమున్నది. అయినను నేను కళాశాల పక్షమే. గురుకులపు గడప అందరికీ అందినది కాదు. రైల్వే గుమాస్తా కూతురు రుసుము కట్టి, తంబురా ముందు కూర్చొనుటకు వీలు కల్పించినది ఈ పాఠ్యప్రణాళికే. వినికిడిలోని లోటు పూడ్చుటకే కాబోలు ఈ గురుశిష్యులిద్దరూ గ్రంథరచనకు పూనుకొన్నారు. పినాకపాణిగారు స్వరపరచిన కృతుల సంపుటాలు ‘సంగీత సౌరభం’ పేర తిరుమల తిరుపతి దేవస్థానం వెలువరించినది. సత్యనారాయణగారు ‘రాగలక్షణ సంగ్రహం’ రచించినారు. ఐతే గాంధారం ఎంత ఊగవలెనో ఏ అచ్చు చెప్పగలదు? పుస్తకం తెరిచిన పిల్ల మరల పంతులుగారి గొంతు వంకే చూడవలెను.

పినాకపాణిగారికి 1984లో, సత్యనారాయణగారికి 2010లో పద్మభూషణ్ వచ్చినది. గురువు నూరవ ఏట 2013 మార్చి 11న కన్ను మూసినారు. సరిగా నాలుగు నెలలకు, జూలై 11న, శిష్యుడును వెళ్ళిపోయినారు.