బీటిల్ కారు కట్టిన వేషము

1960ల చివరిభాగమున అమెరికాలోని వాల్ట్ డిస్నీ సంస్థవారు ఒక చలనచిత్రము తీయ సంకల్పించిరి. అందు కథానాయకుడు మనుష్యుడు కాడు, కారు. మరి ఏ కారు? ఇది తేల్చుకొనుటకై స్టూడియో ఆవరణలో పదిపన్నెండు కార్లను వరుసగా నిలిపి, అటు పోవు ఉద్యోగులు వానినేమి చేయుదురో గమనించిరని చెప్పుదురు. తక్కిన కార్ల చక్రములను వారు కాలితో తన్ని చూచిరి. స్టీరింగు త్రిప్పి చూచిరి. వోక్స్‌వాగన్ బీటిల్ వద్దకు వచ్చుసరికి మాత్రము, కుక్కపిల్లను నిమిరినట్లు దాని వీపు నిమిరి పోయిరట. పాత్రధారుల నెన్నుకొనుటకు ఇంతకంటె న్యాయమైన పరీక్ష ఉండునా?

ఆ చిత్రమే 1968 డిసెంబరులో తొలుత ప్రదర్శింపబడిన ‘ది లవ్ బగ్’. దర్శకుడు రాబర్ట్ స్టీవెన్సన్. అందలి కారు పేరు హెర్బీ. దానికి అభిమానము కలదు, అలుక కలదు, గిట్టనివాని బూటుమీద నూనె చిమ్మునంతటి కొంటెతనమును కలదు. వేషమా, అతి స్వల్పము. ముత్యపు తెలుపు దేహము, ముందునుండి వెనుకకు పోవు ఎఱుపు, తెలుపు, నీలము చారలు, తెల్లని వలయములో 53 అను అంకె. నిర్మాత బిల్ వాల్ష్‌కు బేస్‌బాల్ ఆటగాడు డాన్ డ్రైస్‌డేల్ యెడల గల అభిమానమువలన ఆతని చొక్కాపై అంకె కారునకు సంక్రమించెను. పిమ్మట 1974, 1977, 1980, 2005 సంవత్సరములలో ఈ హెర్బీ మరల మరల వెండితెర కెక్కెను.

తెరపై కారును చూచి, ఇంటిముందున్న తన కారునకు అదే వేషము కట్టవలెనని కోరుకొన్నవారు లోకమున పెక్కురు. అయితే అన్ని కార్లును అందుకు లొంగవు. 1966లో టెలివిజన్‌లో కనబడిన బ్యాట్‌మన్ రథము, 1955లో ప్రదర్శనకొఱకే నిర్మింపబడిన లింకన్ ఫ్యూచురా నుండి జార్జి బారిస్ చేసినది. దానిని అనుకరింప గృహస్థునకు సాధ్యమా? హెర్బీ సంగతి వేఱు. ఆ కారు సామాన్యుని కారు. బీటిల్ చరిత్రయే విచిత్రమైనది. 1930లలో హిట్లరు ప్రభుత్వము ‘ప్రజల కారు’ అని చాటి, వారమునకు అయిదు మార్కుల చొప్పున బిళ్ళలు కొనిపించి, ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పన చేసిన యీ బండిని ఇచ్చెదమని నమ్మించెను. అట్లు పొదుపు చేసినవారిలో ఒక్కరికిని ఆ ప్రభుత్వకాలమున కారు చేతికి రాలేదు. యుద్ధానంతరము ఐవాన్ హర్స్ట్ అను బ్రిటిషు సైనికాధికారి పూనికతో కర్మాగారము మరల నడచినది. 2003 జూలైలో మెక్సికోలోని ప్యూబ్లాయందు కడపటి బీటిల్ వెలువడునప్పటికి మొత్తము సంఖ్య 2,15,29,464. ఒక నియంత ప్రచారమునకు పుట్టిన బండి, పిల్లలు నిమిరెడి బండి యైనది.

ఇక పని యెట్లు జరుగునో చూతము. మొదట తుప్పును గీకవలెను. చక్రముల పైకప్పుల అంచులును, కాలుమోపు పట్టీలును బీటిల్‌నకు బలహీనస్థానములు. అచట తుప్పును దాచి రంగు పూసినచో ఏడాదిలో బయటపడును. పిమ్మట సన్నని గరుకుకాగితము నీటిలో తడిపి రుద్ది, అడుగుపూత వేసి, దానిపై అసలు రంగు. అంగడిలో దొరకెడి తెల్లరంగు డబ్బా తెచ్చిన వారు ఇచట చిక్కుపడుదురు. హెర్బీ తెలుపు పాలతెలుపు కాదు, ఇంచుక పసుపుజీర కలిసినది. చారలకు అంటుకాగితపు పట్టీ అతికించి హద్దు కట్టుదురు. బీటిల్ మీద సరళరేఖ యనునది లేదు. ముందుమూత వంపు, పైకప్పు వంపు, వెనుకమూత వంపు. కొలబద్దతో గీసినది కంటికి వంకరగా తోచును. కావున ఒకరు పట్టీ పట్టుకొనగా, వేఱొకరు దూరముగా నిలిచి ‘ఇటు, ఇంకొంచెము ఇటు’ అని చెప్పవలెను. ఇంటిల్లిపాదియు పనిలోనికి వచ్చునది ఇచటనే. వలయమును దారముతోను పెన్సిలుతోను గీయుదురు. వంగిన తలముపై దారము త్రిప్పి గీసిన వలయము ఎదుటినుండి చూచువానికి వలయముగా కనబడదని గణితోపాధ్యాయులకు నేను చెప్పనక్కఱలేదు. నేడు అంటుడురేకుపై అచ్చువేసిన అంకెలే దొరకుచున్నవి. సబ్బునీరు చల్లి, వేడిగాలితో మెత్తపఱచి అతికింపవచ్చును. పని సులభమే. కాని కుంచె పట్టినవాని కారు ప్రక్కన రేకు అతికించినవాని కారును నిలిపి చూచినచో, నా మట్టుకు నాకు మొదటిదానియందే ముచ్చట కలుగును.

కొందఱు ఇంకను ముందుకు పోవుదురు. స్టూడియో దీపముల వెలుగు ప్రతిఫలింపకుండుటకై చిత్రములోని కారు లోపలిభాగమునకు బూడిదరంగు పూసిరి. ఏ దీపములును లేని యింటిముంగిట కారునకును భక్తులు ఆ బూడిదరంగే పూయుదురు! డ్రైవరు లేకయే కారు నడచినట్లు చూపుటకు చిత్రములో వెనుకసీటున మనుష్యుని దాచిరి. ఇంటివారు అంతటి సాహసము చేయక, దూరమునుండి మీట నొక్కి దీపములార్పి వెలిగించుట, హారను మ్రోగించుట, అద్దము తుడుచు చేతుల నాడించుటతో తృప్తిపడుదురు. 1963 నాటి బీటిల్‌లో విద్యుత్తు ఆఱు వోల్టులే గనుక, వీనికై దానిని పండ్రెండు వోల్టులకు మార్చువారును కలరు.

వివాదమొకటి కలదు. హెర్బీ 1963 నాటి బండి. దాని పైకప్పున మడచిపెట్టు గుడ్డతెర యుండును. మఱుసటి యేటి నమూనానుండి ఆ స్థానమున ఇనుపరేకు వచ్చెను. కావున నిక్కమైన హెర్బీని కోరువాడు అరుదైన పాత బీటిల్‌నే వెదకి, దానిపై అంకె వేయును. పాతకార్లను యథాతథముగా కాపాడువారికి ఇది అపచారముగా తోచును: పుట్టినప్పటి రంగు ఒక్కసారి గీకివేసిన పిమ్మట మరల రాదు కదా! వారి బాధ న్యాయమైనదే. చెక్కుచెదరని బండిని వదలి, ఇదివఱకే రెండుమూడుసార్లు రంగు మారిన దానిని తెచ్చుకొనుట మేలు. పైకప్పున తెరలేదని పిల్లలు అడుగరు. వారు చూచునది 53.

మన దేశమున ఇట్టి ముచ్చటకు చట్టపు హద్దు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, నిర్మాత నిర్దేశించిన వివరములతో రిజిస్ట్రేషను పత్రము భేదించునట్లు బండిని మార్పరాదు. కారు పూర్తిగా రంగు మార్చదలచినవారు ముందుగా రవాణా కార్యాలయమున విచారించుకొనుట యుక్తము. హెర్బీకి చిత్రములో ఓఎఫ్‌పీ 857 అను కాలిఫోర్నియా పలక యుండును. దానిని అసలు పలక స్థానమున తగిలించుకొని రోడ్డుమీదికి వచ్చుట నేరము. ప్రదర్శనస్థలమునకు చేరిన పిమ్మట తగిలించి, ఇంటికి బయలుదేరునప్పుడు మఱవక విప్పి డిక్కీలో పెట్టుకొనవలెను. అన్నట్లు, బీటిల్‌కు డిక్కీ ముందుండును.