దారి తప్పిన వృద్ధులకు రేడియో తోడు

వార్ధక్యమున కొంత మరుపు కలుగుట సహజము. కండ్లజోడు ఎచ్చట పెట్టితిమో తోచక వెదకుకొనుట మరుపు. కండ్లజోడు చేతనుండియు అది యేమి వస్తువో తెలియకపోవుట వ్యాధి లక్షణము. ఈ రెండవ స్థితిని వైద్యులు డిమెన్షియా అనుచున్నారు. ఇది యొక్క వ్యాధి పేరు కాదు. పలు వ్యాధుల మూలమున బుద్ధిశక్తులు క్రమముగా సన్నగిల్లు స్థితి. ఆ వ్యాధులలో ముఖ్యమైనది 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జైమర్ వర్ణించినది. 2023లో ప్రకటితమైన యొక పరిశోధన ననుసరించి మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో నున్నారు.

వీరి విషయమున ఇంటివారిని మిక్కిలి కలవరపెట్టునది, వీరు ఎవరికిని చెప్పక ఇల్లు వెడలిపోవుట. దీనికి కారణము మెదడులోనే కలదు. 1971లో జాన్ ఓకీఫ్ అను శాస్త్రజ్ఞుడు, ఎలుక యొక నిర్ణీత స్థలమునకు చేరినపుడు మాత్రమే చురుకుగా పనిచేయు కణములను దాని మెదడులోని హిప్పోకాంపస్ అను భాగమున కనుగొనెను. 2005లో మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ అనువారు దాని పొరుగు భాగమున, నేలను గళ్ళుగా విభజించి కొలుచునట్టి కణములను కనుగొనిరి. ఈ మువ్వురకును 2014లో నోబెల్ బహుమానము లభించినది. అల్జైమర్ వ్యాధి తొలుదొలుత దెబ్బతీయునది ఈ ప్రాంతమునే. కావుననే ఏండ్ల తరబడి నడచిన వీధియే రోగికి పరాయి వీధి యగుచున్నది. ఆయన ఊరక తిరుగుచున్నాడని మనమనుకొందుము. కాని ఆయన మనస్సున ఒక గమ్యముండవచ్చును: ఎన్నడో పని మానిన కచేరి కావచ్చును, పుట్టినింటి వాకిలి కావచ్చును. పేరుపెట్టి పిలిచినను పలుకకపోవచ్చును.

ఇట్టివారి జాడ తెలిసికొనుటకు నేడు ప్రధానముగా రెండు విధములైన విద్యుత్పరికరములు కలవు. రెండింటికిని మూలము రేడియో తరంగమే.

మొదటిది ఉపగ్రహముల సాయమున పనిచేయునది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న జి.పి.ఎస్. ఉపగ్రహములు తమ స్థానమును, కాలమును నిరంతరము ప్రసారము చేయుచుండును. చేతికి కట్టిన పరికరము కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతముల నందుకొని, అవి చేరుటకు పట్టిన కాలమును బట్టి తానున్న చోటును లెక్కకట్టును. ఆ సంగతి ఉపగ్రహమునకు తెలియదు. దానిని ఇంటివారికి చేరవేయునది పరికరములోని మొబైల్ సిమ్. ఇంటి చుట్టును కొంత మేరకు లక్ష్మణరేఖ వంటి హద్దు నేర్పరచినచో, వృద్ధుడు దానిని దాటినంతనే ఇంటివారి ఫోను హెచ్చరించును. అయితే కట్టడముల లోపలను, ఎత్తైన మేడల నడుమ సందులలోను ఈ లెక్క తప్పవచ్చును. బ్యాటరీ యడుగంటినచో పరికరము మూగవోవును.

రెండవది 1999లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున చెసపీక్ నగరములో ఆరంభమైన ప్రాజెక్ట్ లైఫ్‌సేవర్ అను సంస్థ వ్యాప్తికి తెచ్చిన పద్ధతి. రోగి చేతికి చిన్న ప్రసారిణి నొకదానిని కట్టుదురు. వెదకువారు దిక్కును తెలుపు ఏరియల్‌తో బయలుదేరి, సంకేతము హెచ్చిన వైపునకు నడచెదరు. ఇందలి సూత్రమును మీ యింటనే పరీక్షింపవచ్చును. ట్రాన్సిస్టరులో దూరపు మీడియం వేవ్ స్టేషను నొకదానిని పెట్టి, పెట్టెను మెల్లగా త్రిప్పి చూడుడు. ఒక దిశలో ధ్వని హెచ్చును. మరియొక దిశలో తగ్గును. కాని మనిషి కనబడుట లేదని ముందుగా ఎవరైన గమనించి, శిక్షణ పొందిన దళమునకు తెలిపిన గాని ఈ పద్ధతి ఫలింపదు.

పరికరమున్నంత మాత్రమున నిశ్చింత కలుగదనుటకు జపాన్ దేశపు టుదంతమొకటి నిదర్శనము. 2007 డిసెంబరులో ఐచి రాష్ట్రమున 91 ఏండ్ల వృద్ధుడొకడు, 85 ఏండ్ల భార్య కొంతసేపు కునుకు తీసిన సమయమున ఇల్లు వెడలి, రైలు క్రింద పడి మరణించెను. ఆ యింటి వాకిట మనుష్యుల రాకపోకలను తెలుపు గంట కలదు. కాని నాడు దాని స్విచ్చి వేసి యుండలేదు. రైల్వే కంపెనీ నష్టపరిహారమునకై దావా వేయగా, క్రింది న్యాయస్థానము 2013లో భార్యయు, పెద్ద కుమారుడును సుమారు 72 లక్షల యెన్‌లు చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. తుదకు 2016 మార్చి 1న సుప్రీంకోర్టు వారిరువురును బాధ్యులు కారని తేల్చినది. 24 గంటలును రెప్పవేయక కాపలా కాయుట ఏ కుటుంబమునకును సాధ్యము కాదు గదా! ఆ దేశమున 2023లో ఇట్టి రోగులు తప్పిపోయినట్లు పోలీసులకు అందిన ఫిర్యాదులు 19,039. అచటి ఇరుమా నగరమువారు 2016లో మరియొక యుపాయము పన్నిరి. రోగి చేతిగోటిపై అంటించు చిన్న క్యూఆర్ బిళ్ళను ఫోనుతో చూచినచో నగర కార్యాలయపు టెలిఫోను నంబరు తెలియును.

మన యిండ్లలో ఖరీదైన పరికరము లేకున్నను కొంత జాగ్రత్త సాధ్యమే. చొక్కా జేబున ఇంటివారి ఫోను నంబరు గల చీటి, ఇటీవలి ఫోటో యొకటి, వీధి చివరి దుకాణదారునకు ముందుగా చెప్పియుంచిన మాట ఎంతయో మేలు చేయును. మనిషి కనబడనిచో మొదట ఇంటి పరిసరములనే, అనగా నూతులు, కాలువలు, పొదలు, పాత దారులు వెదకవలెను. పిలుపునకు బదులు రాలేదని ముందునకు సాగిపోరాదు. జాగు చేయక 112కు తెలుపవలెను. వృద్ధుల సంరక్షణను గూర్చిన సలహాలకు 14567 అను జాతీయ సహాయ నంబరు కలదు.

ఇక నొక సందేహము. మనిషికి జాడ తెలుపు పరికరము కట్టుట అతని స్వేచ్ఛను హరించుట కాదా? తలుపునకు తాళము వేసి గదిలో బంధించుటకంటె, పరికరముతో పెరటిలోను, వీధిలోను నడువనిచ్చుట మేలని నా అభిప్రాయము. కాని ఆ నిర్ణయము ఆయన చాటున జరుగరాదు. వ్యాధి తొలి దశలో, ఆయన తన యిష్టాయిష్టములను చెప్పగలిగిన దినములలోనే, సంగతి వివరించి సమ్మతి నడుగవలెను. గడియారముగా కట్టవలెనా, మొలత్రాటికి కట్టవలెనా, ఎవరి ఫోనునకు కబురు రావలెను అనునవి ఆయనయే చెప్పినచో, మాటలు దూరమైన పిమ్మటకూడ ఇంటివారు ఆయన కోరిన తీరుననే ఆయనను కాపాడగలుగుదురు.