సన్ (ఆంగ్ల పదం)

సన్ అనేది ఆంగ్ల భాషలో మిక్కిలి వాడుకలో ఉన్న నామవాచకాలలో ఒకటి. దీని ప్రధానార్థం సూర్యుడు. అయితే ఈ ఒక్క మాటకు తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టుకొనే వీలు లేదు. ఆకాశంలోని గోళం సూర్యుడు, ఆ గోళం నుండి వచ్చే వెలుగు, వేడిమి కలిసి ఎండ, ఆ గోళం గమనం వలన తెలిసే కాలం పొద్దు. శ్రీకాకుళం నగరాన్ని ఆనుకొని ఉన్న అరసవల్లిలోని సూర్యనారాయణస్వామి ఆలయానికి వెళ్ళిన భక్తుడు గర్భగుడిలో దర్శించేది సూర్యుని, వెలుపల వరుసలో నిలబడి భరించేది ఎండను, తిరుగు ప్రయాణంలో "పొద్దుపోయింది" అని అనుకొనేది కాలాన్ని గురించి. ఆంగ్లంలో మొదటి రెండింటికీ సన్ అనే మాట చాలు; మూడవదానికి ఆ మాట ఒంటరిగా పనికిరాదు. "సన్‌లో కూర్చోవద్దు" అనే ఆంగ్ల వాక్యాన్ని "సూర్యునిలో కూర్చోవద్దు" అని విద్యార్థులు అనువదించడానికి కారణం ఇదే.

వ్యుత్పత్తి

ప్రాచీన ఆంగ్లంలో ఈ పదం రూపం సున్నె. లాటిన్ లోని సోల్, గ్రీకు లోని హీలియోస్, సంస్కృతంలోని సూర్య శబ్దం, ఇవన్నీ ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు నుండి పుట్టినవని భాషాశాస్త్రవేత్తలు నిర్ధారించారు. కనుక సన్, సూర్య శబ్దాలు దూరపు జ్ఞాతులు.

కుమారుడు అనే అర్థం గల సన్ ఆంగ్లంలో వేరే వర్ణక్రమం గల వేరే పదం. ఉచ్చారణలో మాత్రమే భేదం లేదు. తెలుగు లిపిలో వ్రాసినప్పుడు ఆ కాస్త తేడా కూడా చెరిగిపోతుంది. ఈ రెండవ సన్‌కు కూడా సంస్కృతంలో ఒక జ్ఞాతి ఉండడం విశేషం: కుమారుడనే అర్థంలో కావ్యభాషలో కనిపించే సూనుడు. ఆంగ్లంలో ఒకేలా వినిపించే రెండు మాటలు సంస్కృతంలో సూర్య, సూను అని స్పష్టంగా విడివడి ఉన్నాయి.

పొద్దు, ఎండ

సూర్యుడు తత్సమ పదం కాగా, పొద్దు, ఎండ అచ్చతెలుగు పదాలు. పొద్దుకు పూర్వరూపం ప్రొద్దు. తమిళంలోని పొళుదు, కన్నడంలోని హొత్తు దీనికి సోదర పదాలు. ఈ భాషలన్నింటిలోనూ ఇది కాలాన్ని చెప్పే మాట. తెలుగులో సూర్యునికి కూడా పేరయింది. పొద్దు పొడుస్తుంది, ఎక్కుతుంది, వాలుతుంది, కుంకుతుంది. ఇక్కడ పొద్దు అంటే సూర్యుడే. పొద్దుపోవడం లేదు, పొద్దస్తమానం, పొద్దున్నే అన్నప్పుడు అది కాలం. పొద్దుతిరుగుడు పువ్వు ఆంగ్లంలో సన్‌ఫ్లవర్, అనగా సూర్యపుష్పం. తెలుగు పేరు ఆ మొక్క లేత దశలో చేసే పనిని కూడా చెబుతుంది. పూర్తిగా విచ్చిన పువ్వు తిరగడం మాని తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. పడమర అనే దిక్కు పేరులో ఉన్నది కూడా సూర్యుడు "పడు" చోటు అనే భావమే.

ఎండ అనే నామవాచకానికి, ఎండు అనే క్రియకు మూలం ఒక్కటే. ఎండుమిరప, ఎండుటాకు, ఎండుగడ్డి, ఎండాకాలం అన్నీ ఈ కుటుంబానికి చెందినవే. శ్రీకాకుళం తీరంలో ఇసుకపై ఆరబెట్టే ఎండుచేపలు, విజయనగరం జిల్లా భీమాలిలో మామిడి రసాన్ని పొరలు పొరలుగా ఎండబెట్టి చేసే తాండ్ర, ఇంటింటా డాబాలపై పెట్టే వడియాలు ఈ క్రియను నిత్యం వాడుకలో నిలిపి ఉంచుతున్నాయి. ఆంగ్లంలో ఎండబెట్టడానికి, సూర్యునికి మాటల్లో ఇటువంటి చుట్టరికం లేదు.

అరసవల్లి సూర్యుడు

అరసవల్లి ఆలయాన్ని 7వ శతాబ్దంలో కళింగ పాలకుడైన దేవేంద్రవర్మ నిర్మించినట్లు చెబుతారు. గ్రామానికి పూర్వనామం హర్షవల్లి అని ప్రతీతి. నల్లరాతిలో మలచిన మూలవిరాట్టు రెండు చేతులలో పద్మాలను ధరించి ఉంటుంది. వెంట పద్మ, ఉష, ఛాయ అనే దేవేరులు ఉంటారు. ఉష వేకువ, ఛాయ నీడ; సూర్యుని కుటుంబమే ఒక చిన్న నిఘంటువు వంటిది. ఛాయ నుండి ఛాయాచిత్రం వచ్చింది; మేని ఛాయ అన్నప్పుడు అదే మాట రంగును సూచిస్తుంది.

ఏటా మార్చి 9, 10, 11 తేదీల ప్రాంతంలోను, అక్టోబరు 1, 2, 3 తేదీల ప్రాంతంలోను ఉదయపు కిరణాలు గోపుర ద్వారం, అనివెట్టి మండపం దాటి మూలవిరాట్టును తాకుతాయి. మబ్బు పట్టిన రోజున ఆ దృశ్యం కనిపించదు. దీనికి కారణం ఉత్తరాయణ, దక్షిణాయనాల మార్పు అని తరచుగా వ్రాస్తుంటారు. అది సరికాదు. ఆయనాంతాలు జూన్, డిసెంబరు నెలలలో వస్తాయి. ఈ తేదీలు విషువత్తులకు దగ్గరివి: మొదటిది వసంత విషువత్తుకు సుమారు 10 రోజుల ముందు, రెండవది శరద్విషువత్తుకు అంతే వ్యవధి తరువాత. ఈ రెండు సందర్భాలలోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా సుమారు 4 డిగ్రీల దూరంలో ఉంటాడు. అందువలన నిక్కమైన తూర్పుకు కొద్దిగా దక్షిణంగా, దాదాపు ఒకే స్థానంలో ఉదయిస్తాడు. ద్వారాల వరుస ఆ స్థానానికి ఎదురుగా ఉన్నది. దిక్కులను ఇంత నిశితంగా లెక్కించి కట్టిన స్థపతుల ప్రజ్ఞ దీనివలన తగ్గదు, పెరుగుతుంది.

కరము అనే సంస్కృత పదానికి చేయి, కిరణం, పన్ను అనే అర్థాలు ఉన్నాయి. కిరణస్పర్శను సూర్యుడు తన కరాలతో తన పాదాలనే తాకడంగా చెప్పుకోవచ్చు. దినకరుడు, భాస్కరుడు అనే పేర్లలోని కర మాత్రం "చేయువాడు" అనే అర్థంలో వచ్చినది.

సంస్కృతంలో సూర్యుని పేర్లు పెక్కింటికి ఇటువంటి రెండవ అర్థం ఉన్నది. మిత్రుడు స్నేహితుడు కూడా, ఇనుడు రాజు కూడా, తరణి పడవ కూడా, పతంగము పక్షి లేదా మిడుత కూడా. అర్కము జిల్లేడు మొక్క కూడా. మాఘ శుద్ధ సప్తమి నాడు, అనగా రథసప్తమి నాడు, జిల్లేడు ఆకులను తలపై ఉంచుకొని స్నానం చేసే ఆచారం ఈ పేరును గుర్తు చేస్తుంది. ఆ రోజున అరసవల్లిలో స్వామి నిజరూప దర్శనం ఉంటుంది. మందుల అంగడిలో వినిపించే అర్కు మాత్రం సూర్యునికి చెందినది కాదు. అది చెమట అనే అర్థం గల అరబీ పదం నుండి వచ్చింది. కోణార్కలోని అర్క మాత్రం సూర్యుడే. ఒడిశాలోని ఆ ఆలయాన్ని 13వ శతాబ్దంలో తూర్పు గంగ వంశీయుడైన మొదటి నరసింహదేవుడు నిర్మించాడు. ఆ వంశపు తొలి రాజధాని కళింగనగరాన్ని శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగంగా గుర్తించారు.

ఆదివారం

ఆంగ్లంలో సన్‌డే, సూర్యుని దినం అనే లాటిన్ మాటకు అనువాదం. ఫ్రెంచి, స్పానిష్ భాషలు క్రైస్తవ ప్రభావంతో దానిని "ప్రభువు దినం"గా మార్చుకోగా, ఆంగ్లం పాత పేరునే ఉంచుకొన్నది. తెలుగులో ఆదిత్యవారం కుదించుకుపోయి ఆదివారం అయినది. వారంలో మొదటి రోజు కనుక "ఆది" వారం అని కొందరు చెప్పే అర్థం తరువాత కల్పించుకొన్నది. పంచాంగాలలో భానువారం అని వ్రాస్తారు. అరసవల్లికి ఆదివారాలలో ఎక్కువమంది రావడానికి ఈ పేరే కారణం, సెలవు దినం కావడం అందుకు తోడయింది.

గుంటూరు గ్రహణం, హీలియం

గ్రీకు హీలియోస్ నుండి వచ్చిన హీలియం అనే పేరుకు తెలుగు నేలతో సంబంధం ఉన్నది. 1868 ఆగస్టు 18న ఏర్పడిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుండి, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నం నుండి వర్ణపటదర్శినితో పరిశీలించారు. సూర్యుని వర్ణపటంలోని ఒక పసుపు గీత సోడియం గీతలతో సరిపోలలేదు. అదే సంవత్సరం ఇంగ్లండు నుండి ఆ గీతను పరిశీలించిన లాక్యర్, అది భూమిపై తెలియని మూలకానిదని భావించాడు. లోహమనే ఊహతో లోహాల పేర్లకు చేర్చే ప్రత్యయాన్ని చేర్చారు. 1895లో రామ్సే దానిని భూమిపై వేరుచేసినప్పుడు అది జడవాయువని తేలింది. పేరు మాత్రం మారలేదు.

సన్‌స్ట్రోక్, వడదెబ్బ

పదార్థ భేదం ప్రాణానికి సంబంధించినది కాగల సందర్భం ఇది. సన్‌స్ట్రోక్ అనే ఆంగ్ల మాట దోషాన్ని సూర్యునిపై ఉంచుతుంది. ఎండదెబ్బ దానికి సరియైన అనువాదం. కానీ తెలుగువారు ఎక్కువగా వాడే మాట వడదెబ్బ. వడ అంటే వేడిమి, వడగాలి వేడిగాలి. వైద్యపరంగా తెలుగు మాటే సరియైనది. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌కు మించి, మాట తడబడడం, స్పృహ తప్పడం వంటి లక్షణాలు కనబడే ఈ స్థితి నేరుగా ఎండ తగలకుండానే రావచ్చు. రేకుల కప్పు కింద, బట్టీల వద్ద, గాలి ఆడని గదిలో పడుకొన్న వృద్ధులకు కూడా వస్తుంది. 2015 మే నెలలో వీచిన వడగాలులకు దేశంలో 2,000 మందికి పైగా మరణించగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారు. "నీడపట్టునే ఉన్నాడు, ఎండదెబ్బ కాదు" అని ఆలస్యం చేయరాదు. రోగిని చల్లని చోటికి చేర్చి, ఒంటిని తడిపి, విసురుతూ 108కి కబురు చేయాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

ఇతర వాడుకలు

ఖగోళ శాస్త్రంలో, గ్రహాలు తన చుట్టూ తిరిగే ఏ నక్షత్రాన్నైనా ఆ గ్రహాలకు సన్‌గా వ్యవహరిస్తారు. లాటిన్ సోల్ నుండి సోలార్ వచ్చింది, తెలుగులో సౌర. పారసోల్ అంటే ఎండను అడ్డుకొనే గొడుగు. సన్‌డయల్‌కు తెలుగు పేరు నీడ గడియారం: ఆంగ్లం సూర్యుని చూస్తే, తెలుగు పలకపై పడే నీడను చూసింది. అన్నవరం సత్యనారాయణస్వామి కొండపై ఇటువంటి గడియారాన్ని చూడవచ్చు. బ్రిటన్‌లో ఒక దినపత్రికకు, మన దేశంలో ఒక టెలివిజన్ సంస్థకు ఈ మాట పేరుగా ఉన్నది. 2010లో ఒరాకిల్‌లో కలిసిపోయిన సన్ మైక్రోసిస్టమ్స్ పేరులోని సన్ సూర్యుడు కాదు, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నెట్‌వర్క్ అనే మూడు మాటల తొలి అక్షరాల కూర్పు.