'అక్కడ' అంటే ఎక్కడ? జపనీస్‌లో దారి అడుగుదాం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ స్టేషన్‌లో 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఉంది. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరు. ఆ రికార్డు ఇప్పుడు 1,507 మీటర్ల హుబ్బళ్ళిది. అయినా ఒక కిలోమీటరు తక్కువ దూరమేమీ కాదు. రైలు దిగిన బంధువు ఒక చివర, తీసుకెళ్ళడానికి వచ్చినవారు మరో చివర. ఫోన్‌లో "అక్కడే ఉండు, వస్తున్నా" అంటారు. ఎక్కడ? ఇప్పుడు నిలబడ్డ చోటా, ఇందాక అనుకున్న టీ కొట్టు దగ్గరా? తెలుగులో రెండూ 'అక్కడే'.

జపనీస్‌లో ఈ చిక్కు కాస్త తక్కువ. మాట్లాడేవారి చోటు 'కొకొ', వినేవారి చోటు 'సొకొ', ఇద్దరికీ దూరమైనది 'అసొకొ'. ప్రశ్నకు 'దొకొ'. స్టేషన్‌ను 'ఎకి' అంటారు. "ఎకి వ దొకొ దెస్ క?" అంటే "స్టేషన్ ఎక్కడండీ?" అని. 'వ' అనేది దేని గురించి మాట్లాడుతున్నామో చూపే ప్రత్యయం, చివరి 'క' ప్రశ్నార్థకం. మర్యాద ఇంకా పెంచాలంటే 'దొకొ' బదులు 'దొచిర' వాడతారు. దాని అసలు అర్థం 'ఎటువైపు'. మనమూ పెద్దవాళ్ళను "ఎటు వెళ్తున్నారు?" అని అడుగుతాం కదా!

ఇ-అ-ఎ మొదటి అక్షరాలతో ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇటు, అటు, ఎటు అని అల్లుకుంటూ పోవడం మనకు అలవాటే. జపనీస్ అల్లికా అంతే, కాకపోతే అందులో ఒక పోగు ఎక్కువ. ద్రావిడ భాషలకు ఈ మూడో పోగు కొత్త కాదు. పాత తమిళంలో 'ఇ', 'అ'ల మధ్య 'ఉ' ఉండేది. శ్రీలంక తమిళంలో నేటికీ వినిపిస్తుంది. భాషా శాస్త్రవేత్తలు 234 భాషలను పోల్చి చూస్తే 127 భాషల్లో రెండు మెట్లు, 88 భాషల్లో మూడు మెట్లు కనిపించాయి. అంటే తెలుగు వెనుకబడ్డదేమీ కాదు, ఎక్కువమంది నడిచే దారిలోనే ఉంది.

రైల్వే వర్క్‌షాపు కొలువుల కోసం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువారికి మరో వీలుంది. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగును అధికార భాషల్లో చేర్చడానికి కారణమైన కుటుంబాలివి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ. బెంగాలీలోనూ మూడు మాటలున్నాయి: ఎఖానే, ఒఖానే, షెఖానే. అయితే 'షెఖానే' వినేవారి చోటు కాదు; ఎదుట కనబడకుండా, మాటల్లో ముందే వచ్చిన చోటు. జపనీస్ 'సొకొ'కూ ఈ రెండో పని ఉంది. అందుకే బెంగాలీ చెవికి అది సగం తెలిసినట్టే ఉంటుంది, మిగతా సగం దగ్గర తప్పు చేయిస్తుంది.

మాటల వరుస మనకు పెద్దగా కష్టం కాదు. స్టేషన్ ముందు అంటే 'ఎకి నొ మఎ', పక్కన అయితే 'ఎకి నొ తొనరి'. స్టేషన్ ముందు, ముందు మాట వెనుక, అచ్చం మన క్రమమే. క్రియ చివర్లోనే వస్తుంది.

'ఉంది' దగ్గర మాత్రం ఆగాలి. ప్రాణం లేనివాటికి 'అరిమస్', మనుషులకూ జంతువులకూ 'ఇమస్'. మన 'ఉన్నాడు', 'ఉంది' గీత వేరేచోట ఉంది కాబట్టి కుక్కను వస్తువుల జాబితాలో వేసేస్తాం. డ్రైవరుతో సిద్ధంగా నిలబడ్డ టాక్సీకి జపనీయులు 'ఇమస్' అనడం మరీ ముచ్చట.

తెలుగు లిపి మనకిచ్చే లాభం ఒకటుంది. 'కొకొ' అంటే ఇక్కడ, 'కోకో' అంటే హైస్కూలు. ఎ-ఏ, ఒ-ఓ తేడాలను బెంగాలీ, హిందీ లిపులు విడిగా చూపవు, మన లిపి చూపుతుంది. రోమన్ అక్షరాల్లో నేర్చుకున్నవారు దీర్ఘం మింగేసి, "హైస్కూలు ఎక్కడ?" అనబోయి "ఇక్కడ ఎక్కడ?" అని అడుగుతుంటారు. నోట్సు తెలుగు అక్షరాల్లో రాసుకుంటే ఈ పొరపాటు జరగదు.